పాత ఇంటి తూకం

పరిచయం

‘ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు’ అని మన సామెత. ఇల్లు కట్టడంలోని కష్టం ఆ మాటలోనే ఉంది. ఎవరో ఎప్పుడో కట్టిన ఇంటిని కొనడంలో కష్టం వేరు. కొత్త ఇల్లు కట్టేవారు రాబోయే రోజుల గురించి ఆలోచిస్తే సరిపోతుంది. పాత ఇల్లు కొనేవారు మాత్రం ఆ ఇంట్లో గడిచిపోయిన రోజుల గురించి కూడా తెలుసుకోవాలి. ఆ ఇల్లు అవసరానికి మించి పెద్దదైతే ఆలోచించవలసినవి ఇంకా పెరుగుతాయి.

ఈ పాఠం ఒక స్వీయానుభవ వ్యాసం. జంషెడ్‌పూర్‌లో స్థిరపడిన ఒక తెలుగు కుటుంబం ఒక పెద్ద పాత ఇంటిని కొనాలా, వద్దా అని ఎలా ఆలోచించిందో ఇందులో చదువుతారు.

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• ఒక విషయాన్ని అనేక కోణాల నుంచి పరిశీలించి నిర్ణయానికి వచ్చే పద్ధతిని వివరించగలుగుతారు;
• జంషెడ్‌పూర్ నగర నిర్మాణం గురించి, అక్కడి నేల హక్కుల గురించి చెప్పగలుగుతారు;
• పాత ఇంటిని పరిశీలించేటప్పుడు గమనించవలసిన అంశాలను గుర్తించగలుగుతారు;
• మీకు ఎదురైన ఒక నిర్ణయం గురించి సొంతంగా వ్యాసం రాయగలుగుతారు.

మూలపాఠం

1. ఉద్యోగంతో వచ్చిన ఇల్లు

జంషెడ్‌పూర్ జార్ఖండ్ రాష్ట్రంలోని ఉక్కు నగరం. సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే చోట, దల్మా కొండలకు దగ్గరలో ఉంది. 1907లో టాటా ఉక్కు కంపెనీ ఏర్పడింది. ఆనాటి సాక్చీ గ్రామం దగ్గర కర్మాగారం కట్టారు. 1912లో అక్కడ మొదటి ఉక్కు దిమ్మె తయారైంది. 1919లో ఆ ఊరికి జంషెడ్జీ టాటా పేరు పెట్టారు. రైల్వే స్టేషనుకు టాటానగర్ అని పేరు వచ్చింది.

కర్మాగారంతో పాటు ఊరిని కూడా పథకం ప్రకారం కట్టారు. వీధులు వెడల్పుగా ఉండాలనీ, నీడనిచ్చే చెట్లు నాటాలనీ, తోటలకూ ఆటస్థలాలకూ చోటు వదలాలనీ జంషెడ్జీ టాటా తన కుమారుడు దొరాబ్జీకి 1902లోనే ఉత్తరం రాశారు. ఆయన 1904లో మరణించారు. మొదటి పథకాన్ని అమెరికాకు చెందిన కెన్నెడీ, సాలిన్ సంస్థ తయారుచేసింది. ఆ తరువాత టెంపుల్, స్టోక్స్ అనే ఇంజనీర్లు ఊరిని విస్తరించే పథకాలు గీశారు. 1940లలో జర్మనీ నుంచి వచ్చిన ఓటో కోనిగ్స్‌బర్గర్ మరో పథకం ఇచ్చారు. ఈ పథకాలన్నింటిలోనూ ఉద్యోగులకు ఇళ్ళు కట్టించడం ముఖ్యమైన భాగం. హోదాను బట్టి చిన్న క్వార్టరో, పెద్ద బంగళాయో దొరికేది. ఉద్యోగం ఉన్నంతకాలం ఇంటి గురించి దిగులు ఉండేది కాదు.

ఈ ఊరికి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు నుంచి తెలుగువారు ఎంతోమంది పనికోసం వచ్చారు. కదమా, సోనారీ, బిష్టుపూర్ వీధుల్లో నడిచేవారికి తెలుగు మాటలు వినపడుతూనే ఉంటాయి. బిష్టుపూర్‌లో ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం ఉంది. శ్రీరామనవమికి అక్కడ కలుసుకునేవారిలో మూడు తరాలవారు కనిపిస్తారు. తాతలు ఊళ్ళో పొలం గురించి మాట్లాడతారు. తండ్రులు షిఫ్టుల గురించి మాట్లాడతారు. మనుమలు బెంగళూరు ఉద్యోగాల గురించి హిందీ కలిసిన తెలుగులో మాట్లాడతారు.

మా అక్కను ఇచ్చినది అలాంటి కుటుంబంలోనే. బావ తండ్రి శ్రీకాకుళం జిల్లా పల్లె నుంచి వచ్చి కర్మాగారంలో కుదిరారు. ఆయన తరువాత బావ కూడా అక్కడే చేరారు. ముప్ఫై ఏళ్ళకు పైగా ఆ కుటుంబం కదమాలోని క్వార్టరులో కాపురం ఉంది. అవి రెండు గదులు, ఒక వరండా. ఒకప్పుడు ఆ రెండు గదుల్లో తొమ్మిది మంది పడుకునేవారు. ఆ ఇంట్లోనే ఇద్దరు ఆడపడుచులకు పెళ్ళిళ్ళు జరిగాయి, ఇద్దరు పిల్లలు ఇంజనీరింగ్ చదివారు.

అయితే క్వార్టరు ఉద్యోగంతో వచ్చింది, ఉద్యోగంతోనే పోతుంది. బావ 2019లో పదవీ విరమణ చేయవలసి ఉంది. ఆ తరువాత తాళాలు అప్పగించాలి. జంషెడ్‌పూర్‌లో ఉద్యోగం చేసిన ప్రతి కుటుంబానికీ ఏదో ఒకనాడు ఎదురయ్యే ప్రశ్నే ఇది. ఇప్పుడు ఎక్కడికి వెళ్ళాలి?

2. మూడు దారులు, ఒక ఇల్లు

వారి ముందు మూడు దారులు ఉన్నాయి. మొదటిది, రైల్లో ఒక రాత్రి ప్రయాణం చేసి సొంత పల్లెకు తిరిగి వెళ్ళడం. అక్కడి ఇల్లు అప్పటికే నలుగురు అన్నదమ్ముల మధ్య పంపకమైంది. బావ వంతుకు వచ్చినది ఒక గది, సగం పెరడు. రెండవది, సువర్ణరేఖ అవతల మాంగోలోనో, ఖర్కాయి అవతల ఆదిత్యపూర్‌లోనో, లేదా కదమాలోనో ఒక ఫ్లాటు కొనడం. మూడవది, సోనారీలో అమ్మకానికి వచ్చిన ఒక పెద్ద పాత ఇల్లు.

సోనారీ ఊరికి ఒక చివర ఉంటుంది. అక్కడే చిన్న విమానాశ్రయం ఉంది. రెండు నదులు కలిసే దోముహానీ కూడా అక్కడికి దగ్గరే. బావ చూసిన ఇల్లు ఒక పక్క వీధిలో ఉంది. దాదాపు అరవై ఏళ్ళ కిందట కట్టినది. స్థలం ఐదు కఠాలు. అక్కడ కఠా అంటే 720 చదరపు అడుగులు, అంటే మన లెక్కలో 80 గజాలు. ఆ విధంగా అది 400 గజాల స్థలం. వంటిల్లు కాక ఎనిమిది గదులు. ముందు పొడవాటి వరండా, ఎర్రటి గచ్చు, పెరట్లో బావి, ఒక పనస చెట్టు, రెండు మామిడి చెట్లు. చుట్టుపక్కల ఇళ్ళన్నింటికన్నా అదే పెద్దది. పక్కన కొన్ని పాత ఇళ్ళ స్థానంలో అప్పటికే నాలుగంతస్తుల భవనాలు లేచాయి.

2018 డిసెంబరులో అక్క నాకు ఫోను చేసింది. “నీది రాత పని కదా. మేం మాట్లాడుకుంటుంటే పోట్లాటవుతోంది. నువ్వొచ్చి అంతా ఒక కాగితం మీద పెట్టు” అంది. పాఠాలు రాయడం నా వృత్తి. ఒక విషయాన్ని భాగాలుగా విడదీసి, ఒకదాని తరువాత ఒకటి చెప్పడం నాకు అలవాటు. నాలుగు రోజులు సెలవు పెట్టి ఢిల్లీ నుంచి బయలుదేరాను.

వెళ్ళాక అర్థమైంది, అది ఇంటి గురించిన పోట్లాట మాత్రమే కాదని. అక్క ముప్ఫై ఏళ్ళు రెండు గదుల్లో సర్దుకుంది. ఎవరైనా వస్తే వంటింట్లో చాప వేసుకుంది. ఒక్కసారైనా చుట్టాలకు ఒక గది చూపించి ‘ఇది మీకు’ అనాలని ఆమె కోరిక. బావకు మరో దిగులు. జీవితమంతా కూడబెట్టిన భవిష్య నిధి, గ్రాట్యుటీ ఒకేసారి చేతికి వస్తాయి. మళ్ళీ అలాంటి సొమ్ము రాదు. బావ తల్లికి అప్పటికి ఎనభై దాటాయి. ఆమె మందులు, తమ ఇద్దరి వృద్ధాప్యం ఆ సొమ్ము మీదనే గడవాలి. అందుచేత ఆ ఇద్దరిలో ఎవరి మాటనూ తోసివేయడానికి వీలు లేదు.

పాఠ్యగత ప్రశ్నలు – 1

1. జంషెడ్జీ టాటా 1902లో రాసిన ఉత్తరంలో ఊరు ఎలా ఉండాలని కోరారు?
2. క్వార్టరు గురించి అక్కడి ఉద్యోగులకు ఎదురయ్యే సమస్య ఏమిటి?
3. ఐదు కఠాల స్థలం ఎన్ని చదరపు అడుగులు?

3. నేల ఎవరిది?

కాగితం మీద మొదట రాసుకున్న ప్రశ్న ఇది. మన ప్రాంతంలో ఇల్లు కొనేవారు దస్తావేజులు చూస్తారు, ఈసీ తీయిస్తారు, పన్ను రసీదులు అడుగుతారు. జంషెడ్‌పూర్‌లో అవి చూస్తే సరిపోదు. అక్కడి నేల చరిత్ర వేరు.

ఊరు వెలిసిన నేలలో ఒకప్పుడు సంతాల్, హో, ముండా, భూమిజ్ ప్రజల గ్రామాలు ఉండేవి. ఆదివాసుల భూములు చేతులు మారిపోకుండా కాపాడడానికి 1908లో ఛోటానాగపూర్ కౌలుదారీ చట్టం వచ్చింది. ఆ చట్టం ప్రకారం ఆదివాసీ రైతు భూమిని ఇతరులు కొనడానికి వీలు లేదు. ఆదివాసీయే కొనాలన్నా జిల్లా డిప్యూటీ కమిషనరు అనుమతి కావాలి. అందుచేత ఊరి పొలిమేరల్లో ఇల్లు కొనేవారు పాత భూమి రికార్డయిన ఖతియాన్‌లో ఎవరి పేరు ఉందో తప్పక చూడాలి. పైన కట్టిన ఇల్లు ఎంత అందంగా ఉన్నా, కింది నేలకు హక్కు లేకపోతే అది కొన్నవారిది కాదు.

కంపెనీ పరిధిలోని నేల సంగతి మరొకటి. జమీందారీ రద్దు తరువాత ఆ భూములు ప్రభుత్వానికి చెందాయి. 1985లో అప్పటి బీహారు ప్రభుత్వం వాటిని కంపెనీకి లీజుకు ఇస్తూ ఒప్పందం చేసుకుంది. ఆ లీజును 1956 నుంచి 40 ఏళ్ళకు లెక్కగట్టారు. 2000లో జార్ఖండ్ రాష్ట్రం ఏర్పడింది. 2005లో కొత్త ప్రభుత్వంతో లీజు మళ్ళీ కుదిరింది. దాన్ని 1996 నుంచి 30 ఏళ్ళకు, అంటే 2025 చివరి దాకా లెక్కగట్టారు. ఆ పరిధిలో కొన్ని స్థలాలు సబ్‌లీజు మీద ప్రైవేటు వ్యక్తులకు ఉన్నాయి. సోనారీలో మేము చూసిన ఇల్లు అలాంటి స్థలంలోనిదే. అమ్మేవారు అమ్మేది నేలను కాదు, ఆ లీజు హక్కును. హక్కు చేతులు మారాలంటే అనుమతి తీసుకోవాలి.

మేము చూసిన రోజు నుంచి లెక్కిస్తే ఊరంతటి లీజు గడువు ఇంకా ఏడేళ్ళు ఉంది. బావ దాన్ని తేలికగా తీసుకున్నారు. “ఊరు ఊరంతా ఎక్కడికి పోతుంది? అందరికీ ఏదయితే మనకీ అదే” అన్నారు. ఆ మాటలో నిజం ఉంది. లక్షల మంది నివసించే ఊరిని ఎవరూ ఖాళీ చేయించరు. అయినా లీజు నేల మీద ఇంటికి పెట్టే ధర, సొంత నేల మీద ఇంటికి పెట్టే ధర ఒకటి కాకూడదు. గడువు తరువాత రుసుములు మారవచ్చు, నిబంధనలు మారవచ్చు. ఆ మార్పును భరించే శక్తి మన దగ్గర ఉందా అన్నది చూసుకోవాలి. ఇప్పుడు అక్కడ ఇల్లు చూసేవారు ఆ గడువు తరువాత ఏమి కుదిరిందో మాట మీద కాక కాగితం మీద చూసుకోవాలి.

ఈ విషయంలో సోనారీ ఇంటికి ఒక అనుకూలత కూడా ఉంది. కంపెనీ పరిధిలో నీళ్ళు, కరెంటు, రోడ్లు కంపెనీ వ్యవస్థ కిందనే ఉంటాయి. క్వార్టరులో బతికినవారికి ఆ సౌకర్యం అలవాటైపోతుంది. పరిధి దాటి వెళ్ళిన స్నేహితులు మొదట చెప్పేది నీళ్ళ గురించే. అందుచేత కాగితం మీద ఈ అంశానికి ఎదురుగా ఒక కూడిక గుర్తు, ఒక తీసివేత గుర్తు రెండూ పెట్టాను.

4. కప్పూ గోడలూ చెప్పిన సంగతులు

రెండవ రోజు తెలిసిన మేస్త్రీని వెంట తీసుకుని ఇంటిని మళ్ళీ చూశాము. మొదటిసారి చూసినప్పుడు కళ్ళు వరండా మీద, పనస చెట్టు మీద నిలుస్తాయి. రెండవసారి చూసినప్పుడు అవి కప్పు మీదికి వెళ్ళాలి.

గోడలు మంచివి. పదిహేను అంగుళాల మందం ఉన్న ఇటుక గోడలు. జంషెడ్‌పూర్‌లో మే నెలలో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. అలాంటి గోడలు పగటి వేడిని వెంటనే లోపలికి రానివ్వవు. ఎత్తయిన కప్పు, ఎదురెదురు కిటికీలు ఉండడం వల్ల గాలి ఆడుతుంది. ఇప్పటి ఫ్లాట్లలో ఈ సుఖం దొరకదు. పునాది కూడా కుంగలేదు. గోడల మీద నిలువు పగుళ్ళు లేవు.

కానీ గోడల అడుగున మూడడుగుల ఎత్తు దాకా సున్నం పొరలు పొరలుగా రాలుతోంది. పాత ఇళ్ళలో చాలావాటికి పునాది పైన చెమ్మను ఆపే పొర ఉండదు. నేలలోని తడి ఇటుకల గుండా పైకి పాకుతుంది. దానితోపాటు వచ్చిన లవణాలు గోడ మీద తెల్లగా పేరుకుంటాయి. పైన రంగు వేస్తే ఒక వర్షాకాలం దాకా కనిపించదు, ఆ తరువాత మళ్ళీ బయటపడుతుంది. అమ్మకానికి ముందు కొత్తగా రంగు వేసిన పాత ఇంటిని ఈ కారణంగానే జాగ్రత్తగా చూడాలి. ఈ ఇంటివారు రంగు వేయించలేదు. అది వారి నిజాయితీ అని బావ అన్నారు.

అసలు సమస్య కప్పుతో వచ్చింది. బావ ఉక్కుతో పని చేసిన మనిషి. చిన్న సుత్తి తెప్పించుకుని, నిచ్చెన ఎక్కి, వెనుక గదుల శ్లాబును అంగుళం అంగుళం తట్టి చూశారు. కొన్ని చోట్ల గట్టి చప్పుడు వచ్చింది. కొన్ని చోట్ల డొల్ల చప్పుడు వచ్చింది. డొల్ల చప్పుడు వచ్చిన చోట మేస్త్రీ గోకితే పెచ్చు ఊడి, లోపలి చువ్వ కనిపించింది. తుప్పుతో ఎర్రగా ఉబ్బి ఉంది.

“సిమెంటు కొత్తగా ఉన్నప్పుడు దానిలోని క్షారం చువ్వకు తుప్పు పట్టనివ్వదు. గాలిలోని బొగ్గుపులుసు వాయువు ఏళ్ళ తరబడి లోపలికి పోతూ ఆ క్షారాన్ని తగ్గిస్తుంది. దానికి వాన తడి తోడైతే తుప్పు మొదలవుతుంది. తుప్పు ఇనుము కన్నా రెండింతలకు పైగా చోటు అడుగుతుంది. ఆ ఒత్తిడికి సిమెంటు పెచ్చులు ఊడుతాయి” అని బావ వివరించారు. ఒక పెచ్చు ఊడిన చోట నీరు మరింత సులువుగా దిగుతుంది. ఏటా పన్నెండు వందల మిల్లీమీటర్లకు మించి వాన కురిసే ఊళ్ళో ఇది ఆగే రోగం కాదు.

కరెంటు తీగలు ఇంకా చెక్క బద్దీల మీదనే ఉన్నాయి. ఎర్తింగు లేదు. నీళ్ళ గొట్టాలు పాత ఇనుపవి. తలుపు చట్రాల్లో రెండింటికి చెదలు పట్టింది. నదులు పొంగినప్పుడు నీళ్ళు ఎంతదాకా వస్తాయని ఎదురింటివారిని అడిగాము. వీధి ఎత్తు మీద ఉండడం వల్ల ఇక్కడికి రావనీ, ఒడ్డున పల్లంలో ఉన్న బస్తీల్లోకి వస్తాయనీ చెప్పారు. ఇలాంటి సంగతి అమ్మేవారి కన్నా ఇరుగుపొరుగువారిని అడగడమే మేలు.

మేస్త్రీ చెప్పిన మరమ్మతు అంచనా ఇంటి ధరలో ఎనిమిదో వంతు. “కప్పు విప్పాక గాని అసలు లెక్క తేలదు” అని కూడా అతడే చెప్పాడు. పాత ఇంటి మరమ్మతుకు మొదటి అంచనా మీద కనీసం సగం కలుపుకోవాలి. అలా కలిపి, ఇంటి ధరకు జత చేస్తే, బావకు రాబోయే సొమ్ములో ఐదింట నాలుగు వంతులకు పైగా ఆ ఇంటికే పోతుంది. అది కొనడానికి అయ్యే ఖర్చు మాత్రమే. ఎనిమిది గదులు ఊడవాలి, ఆరు వందల గజాల గోడలకు రంగులు వేయించాలి, చెట్ల ఆకులు ఎత్తాలి, ఏటా వానకు ముందు మేడ శుభ్రం చేయించాలి. ఈ ఖర్చు ప్రతి ఏడూ వస్తుంది. జీతం మాత్రం రాదు.

5. గది–రోజుల లెక్క

అయినా అక్క ఒప్పుకోలేదు. “కప్పు బాగు చేయించుకోవచ్చు. రేపు పిల్లలు వస్తే ఎక్కడ పడుకుంటారు?” అంది. ఆ ప్రశ్నకు సుత్తితో జవాబు దొరకదు. అందుకని మూడవ రోజు రాత్రి ముగ్గురం కూర్చుని మరో లెక్క వేశాము.

ఇంట్లో ఎనిమిది గదులు. ఏడాదికి 365 రోజులు. రెండింటినీ గుణిస్తే 2,920. వీటిని ‘గది–రోజులు’ అని పిలుద్దాం. ఒక గదిలో ఒక రోజు ఎవరైనా ఉంటే ఒక గది–రోజు వాడుకున్నట్లు. ఇప్పుడు అక్క చెబుతుంటే నేను రాశాను.

అక్క, బావల గది, అత్తగారి గది, ముందు హాలు ప్రతి రోజూ వాడుకలో ఉంటాయి. మూడు గదులు, 365 రోజులు. మొత్తం 1,095. ఇద్దరు కొడుకులు ఏడాదికి రెండుసార్లు, పదేసి రోజులు వస్తారనుకుందాం. వారికీ మనుమలకూ మూడు గదులు, ఇరవై రోజులు. అంటే 60. పండుగలకు, పెళ్ళిళ్ళకు, వైద్యానికి వచ్చే చుట్టాలకు రెండు గదులు, ముప్ఫై రోజులు. మరో 60. అన్నీ కలిపితే 1,215.

అక్క మరొకసారి కూడింది. తక్కువ చేశామేమోనని సంక్రాంతికి ఐదు రోజులు పెంచింది. అయినా సగానికి దగ్గరగా కూడా రాలేదు. వాడుక నూటికి నలభై రెండు పాళ్ళు. మిగిలిన 1,700 గది–రోజులు తలుపులు మూసి ఉండవలసిందే. మూసి ఉంచిన గది ఊరికే ఉండదు. చెమ్మ పడుతుంది, చెదలు చేరతాయి. వాడని గదికి కూడా వాడిన గదికి అయినంత ఖర్చు అవుతుంది.

రెండు గదులు అద్దెకు ఇస్తే ఎలా ఉంటుందని బావ అడిగారు. దాన్ని కూడా తీసివేయకుండా రాశాము. వెనుక భాగానికి వేరే దారి, వేరే స్నానాల గది ఉన్నాయి కాబట్టి అది సాధ్యమే. లీజు షరతులు ఒప్పుకుంటే ఖర్చులో కొంత తిరిగి వస్తుంది. అయితే అద్దెకు ఇవ్వవలసిన ఆ వెనుక గదుల కప్పే ముందుగా బాగు చేయించాలి. అద్దెకు ఉన్నవారి మంచిచెడ్డలు చూసుకునే ఓపిక డెబ్బై ఏళ్ళప్పుడు కూడా ఉండాలి.

ఇంతలో అంతవరకూ మంచం మీద పడుకుని వింటున్న అత్తగారు లేచి కూర్చున్నారు. ఆవిడ మాట ఇప్పటికీ శ్రీకాకుళం మాటే. “సాలనప్పుడు ఎలా సర్దుకోవాలో మనకి తెలుసు గాని కోడలా, ఎక్కువైనప్పుడు ఏటి సెయ్యాలో మనకి తెల్దు. ఆ గదులన్నీ ఊడ్సి ఊడ్సి నీకు నడుం పోద్ది. పిల్లలు గదుల కోసం రార్రా. నువ్వు కూర్సుని మాటాడతావని వస్తారు” అన్నారు.

అక్క చాలాసేపు మాట్లాడలేదు. తరువాత ఆ కాగితాన్ని మడిచి దేవుడి అలమారలో పెట్టింది.

6. నిర్ణయం

వారు ఆ ఇల్లు కొనలేదు. కదమాలోనే, గుడికీ బజారుకూ నడిచి వెళ్ళగలిగే దూరంలో, కింది అంతస్తులో మూడు పడకగదుల ఫ్లాటు తీసుకున్నారు. అత్తగారు మెట్లెక్కనక్కరలేదు. అది కూడా లీజు నేల మీదిదే. కానీ దానికి పెట్టిన సొమ్ము బావ సొమ్ములో సగానికి లోపే. మిగిలిన సగం మీద వడ్డీ నెల నెలా వస్తోంది. అందులో ఒక గదిని అక్క చుట్టాల గది అని పిలుస్తుంది. దానికి వేరే దుప్పట్లు, వేరే అద్దం కొన్నది. తనకు కావలసినది ఎనిమిది గదులు కాదని, ‘ఇది మీకు’ అని చూపించగల ఒక గది అని ఆమెకు ఆ లెక్క రాసిన రోజునే తెలిసిందట.

సోనారీ ఇంటిని మరొకరు కొన్నారు. ఇద్దరు అన్నదమ్ములు, వారి భార్యలు, తల్లిదండ్రులు, ఐదుగురు పిల్లలు. మొత్తం పదకొండు మంది. వారి గది–రోజుల లెక్క మా లెక్కకు భిన్నంగా ఉంటుంది. ఇద్దరు సంపాదనపరులు ఖర్చు పంచుకుంటారు. వెనుక గదుల శ్లాబు తీయించి కొత్తది పోయించారని, పనస చెట్టును మాత్రం ఉంచారని బావ చెప్పారు. వారికి అది మంచి బేరమే. అదే ఇల్లు, అదే ధర, అదే కప్పు. మనుషుల సంఖ్య మారడంతో తూకం మారింది.

పాత ఇళ్ళను చులకన చేయడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. మందమైన గోడలు, గాలి ఆడే గదులు, చెట్లున్న పెరడు నిలుపుకోదగినవి. జంషెడ్‌పూర్‌ను మొదట ఊహించినవారు కోరుకున్నది కూడా అలాంటి ఊరినే. కాని ఒక ఇంటిని నిలపడానికి డబ్బు, ఓపిక, మనుషులు మూడూ కావాలి. మూడింటిలో ఏది తక్కువైనా పెద్ద ఇల్లు తనలో ఉన్నవారిని నెమ్మదిగా అలసిపోయేలా చేస్తుంది. పదవీ విరమణ చేసినవారికి డబ్బు ఉన్నా కాలం గడిచేకొద్దీ ఓపిక తగ్గుతుంది, పిల్లలు దూరమవుతారు. కాబట్టి వారు ఇంటిని ఇవాళ్టి బలంతో కాక పదిహేనేళ్ళ తరువాతి బలంతో తూచుకోవాలి.

పాఠ్యగత ప్రశ్నలు – 2

1. శ్లాబులోని ఇనుప చువ్వకు తుప్పు పడితే సిమెంటు పెచ్చులు ఎందుకు ఊడతాయి?
2. ‘గది–రోజు’ అంటే ఏమిటి? ఈ లెక్క వల్ల అక్కకు ఏమి తెలిసింది?
3. అత్తగారి మాటలను శిష్ట వ్యావహారికంలోకి మార్చి రాయండి.

మీరు నేర్చుకున్నవి

• పాత ఇంటిని నేల హక్కు, కట్టడం స్థితి, ఖర్చు, నివసించే మనుషులు అనే నాలుగు కోణాల నుంచి పరిశీలించాలి.
• ఒకే ఇల్లు ఒక కుటుంబానికి భారం కావచ్చు, మరొక కుటుంబానికి అనుకూలం కావచ్చు.
• భిన్నాభిప్రాయాలు ఉన్నప్పుడు అందరి మాటలనూ కాగితం మీద రాసుకుంటే ఎవరి కోరిక ఏమిటో స్పష్టమవుతుంది.

పాఠాంత ప్రశ్నలు

1. జంషెడ్‌పూర్‌లో ఇల్లు కొనేవారు నేల విషయంలో ఏయే అంశాలు చూడాలో పది వాక్యాలలో రాయండి.
2. ‘మనుషుల సంఖ్య మారడంతో తూకం మారింది’ – ఈ వాక్యాన్ని సందర్భంతో వివరించండి.
3. మీరు నివసిస్తున్న ఇంటికి గది–రోజుల లెక్క వేయండి. దాన్ని బట్టి మీ ఇల్లు మీకు చిన్నదో, సరిపడినదో, పెద్దదో కారణాలతో ఒక పేరా రాయండి.
4. మీ కుటుంబం తీసుకున్న ఒక ముఖ్యమైన నిర్ణయం గురించి, అందులో ఎవరి అభిప్రాయం ఏమిటో చెబుతూ రెండు పుటల వ్యాసం రాయండి.